జతిలువిహ్‌లో స్థలం కొనాలంటే ముందు ఆ వరిచేను ఎవరిదో చూడాలి

2025 డిసెంబరు మొదటి వారంలో బాలి ద్వీపంలోని జతిలువిహ్ అనే ఊళ్లో రైతులు తమ సొంత పొలాల్లో జింకు రేకులు పాతారు. ఇళ్లకు పైకప్పుగా వేస్తామే, ఆ రేకులే. మెట్లు మెట్లుగా లోయలోకి దిగే పచ్చటి వరిమళ్ల మధ్య అవి ఎండకు కళ్లు చెదిరేలా మెరుస్తుంటే చూడ్డానికి ఏదో కుంపటి పెట్టినట్టు ఉంది. పిట్టల్ని తోలడానికి కాదు, పందుల్ని ఆపడానికి కాదు, టూరిస్టుల ఫొటోలు పాడవ్వాలనే పాతారు. అంతకు ఒకటి రెండు రోజుల ముందు బాలి ప్రాంతీయ శాసనసభ కమిటీవాళ్లు అధికారుల్ని వెంటబెట్టుకుని వచ్చి, రక్షిత పొలాల్లో నిబంధనలకు విరుద్ధంగా కట్టారంటూ 13 కట్టడాలకు టేపు చుట్టి వెళ్లారు. వాటిలో భోజన హోటళ్లున్నాయి, బస చేసే గదులున్నాయి, చాలావరకు ఊరివాళ్లవే. మా పొలాన్ని చూడ్డానికి టికెట్టు పెట్టి డబ్బు తీసుకోవచ్చు గానీ, మా పొలంలో మేం నాలుగు బల్లలేసి కాఫీ అమ్ముకోకూడదా అన్నది వాళ్ల కోపం.

రెండు పక్షాల్లోనూ న్యాయం ఉంది, అదే అసలు చిక్కు. ఇక్కడ స్థలాలు అమ్మేవాళ్లంతా "రైస్ ఫీల్డ్ వ్యూ" అనే మాటతోనే అమ్ముతారు. అమ్మే స్థలంలో ఆ వ్యూ ఉండదు, పక్కవాడి పొలంలో ఉంటుంది. ఆ పక్కవాడు ఏటా నారు పోసి, నాటు వేసి, కలుపు తీసి, నీళ్లు పెట్టి నిలబెడితేనే ఉంటుంది. ఏ ఒప్పంద కాగితంలోనూ ఆయన సంతకం ఉండదు. ఆయనకు విసుగొచ్చి ఓ పది రేకులు పాతితే పక్క విల్లా ఓనరు చేయగలిగింది ఏమీ లేదు.

ఊరు ఎక్కడుందో చెప్పుకుందాం. బాలి నడిబొడ్డుకు కాస్త పశ్చిమంగా తబనాన్ జిల్లా, అందులో పెనెబెల్ మండలం. రాజధాని డెన్‌పసార్ నుంచి 50 కిలోమీటర్ల లోపే, కానీ ట్రాఫిక్, ఘాట్ మలుపులు కలిపి విమానాశ్రయం నుంచి రెండు గంటలు తక్కువ పట్టదు. వెనక 2,276 మీటర్ల బతుకారు పర్వతం, ఊరు సుమారు 700 మీటర్ల ఎత్తున ఆ కొండ వాలులో ఉంటుంది. అరకు అంత ఎత్తు కాదు గానీ సాయంత్రమయ్యేసరికి పల్చటి స్వెట్టరు కావాలనిపించే చలి, మధ్యాహ్నం దాటాక కొండ మీంచి దిగే మబ్బు, నవంబరు నుంచి మార్చి దాకా దండిగా వాన. మెట్ల పొలాలే దాదాపు 300 హెక్టార్లు, అంటే మన లెక్కలో 750 ఎకరాల దాకా. ఎక్కడ చూసినా నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, అది ఫొటోల్లో రాదు.

ఆ నీళ్ల కథ తెలియకుండా ఈ ఊళ్లో స్థలాల గురించి మాట్లాడటం దండగ. బాలిలో ఒకే కాలువ కింద తడిసే పొలాల రైతులంతా కలిసి ఒక సంఘం, దాని పేరు సుబక్. ఇది ఊరి పంచాయతీ కాదు, వేరే. సుబక్‌కు సొంత గుడి ఉంటుంది, సొంత కట్టుబాట్లు ఉంటాయి, పెకసేహ్ అనే పెద్ద ఉంటాడు. మన చెరువుల కింద తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి చేసే పని గుర్తొస్తుంది గానీ పెకసేహ్ అంతకంటే పెద్దమనిషి, ఎప్పుడు దుక్కి, ఎప్పుడు నాటు, ఎవరి మడికి ఎప్పుడు నీరు అన్నది రైతుల సభలో తేల్చి అమలు చేయిస్తాడు.

పంపకం ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది. కాలువ చీలే చోట నీటికి అడ్డంగా ఒక దుంగ ఉంటుంది, ఇప్పుడు చాలాచోట్ల సిమెంటుతో కడుతున్నారు, దాన్ని తెంబుకు అంటారు. దాని పైఅంచున గంట్లు కొట్టి ఉంటాయి. గంటు ఎంత వెడల్పు ఉంటే అంత వాటా. రెండూ ఒకే వెడల్పయితే నీరు చెరిసగం, ఒకటి రెండింతలుంటే దానికి రెండు వంతులు. వాటా కొలతకు తెక్‌తెక్ అని పేరు. మీటరు లేదు, తాళం లేదు, రిజిస్టరు తీసి చూడక్కర్లేదు, గట్టు మీద నడిచిపోయే ఏ రైతైనా ఒక్క చూపులో తనకు రావాల్సింది వస్తోందో లేదో చెప్పేస్తాడు. ఈ పద్ధతి 9వ శతాబ్దం నుంచి ఉందని యునెస్కో రాసుకుంది. 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా జతిలువిహ్ అందాన్ని కాదు, బాలిలో ఐదు చోట్ల కలిపి 19,500 హెక్టార్ల సుబక్ వ్యవస్థను, దాని నీటి గుళ్లను. బతుకారు కొండ చుట్టూ ఉన్న భాగంలో ఈ ఊరు ఒకటి.

యునెస్కో జాబితాలో దీనికి పెట్టిన పేరులో "త్రి హిత కరణ" అనే మాట కూడా ఉంది. దేవుడితో, తోటి మనుషులతో, ప్రకృతితో సఖ్యంగా ఉండటం అని దాని భావం. సంస్కృతం కాబట్టి మనవాళ్లు చదవగానే ఇదేదో వేల ఏళ్ల నాటి సూత్రం అనుకుంటారు, టూరిస్టు కరపత్రాలూ అలాగే చెప్తాయి. ఆచారం పాతదే గానీ ఆ పేరు పెట్టుకున్నది 1960ల్లోనే.

ఈ గుడి పెత్తనం, సభలు, ఇవన్నీ పాతకాలపు చాదస్తం అని ఒకప్పుడు ఇండొనేషియా ప్రభుత్వమే అనుకుంది. 1970ల్లో హరిత విప్లవం పేరుతో కొత్త వంగడాలు, ఎరువులు, పురుగుమందులు ఇచ్చి, గుడి క్యాలెండరు పక్కనపెట్టి ఏడాదికి ఎన్ని పంటలు వీలైతే అన్ని వేయమంది. ఎవరికి వారు తోచినప్పుడు వేసుకునేసరికి ఒక చేను కోతకొచ్చేటప్పటికి పక్క చేను పాలు పోసుకుంటూ ఉండేది, వరి రసం పీల్చే దోమకు ఏడాది పొడుగునా తిండి దొరికింది. దోమపోటు ఎలా ఉంటుందో గోదావరి, కృష్ణా డెల్టా రైతులకు చెప్పాల్సిన పని లేదు. తర్వాత స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికన్ ఆంత్రపాలజిస్టు ఈ నీటి గుళ్ల లెక్కను కంప్యూటర్ మోడల్లో పెట్టి చూస్తే, ఒక వాలులో ఉన్న సుబక్‌లన్నీ మాట్లాడుకుని ఒకేసారి నాటి ఒకేసారి పొలం ఖాళీ చేయడం వల్ల పురుగు చస్తోందని, నీళ్లూ సరిపోతున్నాయని, ఇంతకంటే మెరుగైన ఏర్పాటు చేయడం కష్టమని తేలింది. పూజారి తెలివా, రైతు తెలివా అంటే రెండూ అనాలి.

ఇప్పుడు ఈ గొలుసులో ఒక మడిని పూడ్చి విల్లా కడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పైమడి నీరే కిందమడికి పోతుంది కాబట్టి దారి మళ్లించాలి. స్నానాల గదుల నీళ్లు, ఈతకొలను నీళ్లు ఎక్కడికో ఒకచోటికి పోవాలి, వాలులో ఆ చోటు కింది రైతు మడే. కాలువ పూడిక తీయడానికి, గుడి ఖర్చుకు ఉండే మనుషుల్లో ఒకరు తగ్గుతారు. ఒక్క విల్లాకు ఏమీ కాదు. పదో విల్లాకు కింద ఎవరో ఒకరు వరి మానేస్తారు. మానేశాక ఆయన కూడా అమ్మకానికి బోర్డు పెడతాడు.

ఇక కాగితాల సంగతి. బాలిలో స్థలాన్ని "ఆర్" లెక్కన చెప్తారు, ఒక ఆర్ అంటే 100 చదరపు మీటర్లు, మనకు దాదాపు 120 గజాలు లేదా రెండున్నర సెంట్లు. వంద సెంట్లు ఒక ఎకరం అయినట్టు అక్కడ వంద ఆర్‌లు ఒక హెక్టారు, కాబట్టి తెలుగువాళ్లకు ఈ లెక్క తేలిగ్గానే ఎక్కుతుంది. ఎక్కనిది ఇంకొకటి ఉంది. ప్రకటనల్లో ధర పక్కన "ఆర్‌కు, ఏడాదికి" అని ఉంటుంది. అంటే అది అమ్మకం కాదు, కౌలు. 25 ఏళ్లో 30 ఏళ్లో లెక్కగట్టి ఆ డబ్బంతా ముందే కట్టించుకుంటారు.

ఎందుకంటే ఇండొనేషియాలో నేల మీద పూర్తి యాజమాన్యం, అక్కడి మాటలో హక్ మిలిక్, పౌరులకే. 1960 నాటి మూల వ్యవసాయ చట్టం చెప్పేది ఇది, హక్ మిలిక్ అన్న పేరులో మొదటి మాటలోనే "హక్కు" వినిపించడం మనకు ఒక సరదా. విదేశీయుడికి మిగిలినవి మూడు దారులు. నివాస పర్మిట్ ఉంటే హక్ పకాయ్ అనే వాడకపు హక్కు, 2021 నిబంధనల ప్రకారం 30, ఆపైన 20, ఆపైన 30 ఏళ్లు పొడిగించుకోవచ్చు, కానీ విదేశీయుడు కొనే ఇంటికి ప్రభుత్వం కనీస ధర పెట్టింది కాబట్టి చవక బేరం అనే మాట లేదు. రెండోది విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టి దాని పేరున నిర్మాణ హక్కు తీసుకోవడం, దానికి నేల, కట్టడం కాకుండానే వెయ్యి కోట్ల రూపియాకు మించిన పెట్టుబడి ప్రణాళిక చూపాలి, మన డబ్బులో ఐదు కోట్ల పైమాట. మూడోది ఇందాక చెప్పుకున్న కౌలు. సామాన్యంగా బయటివాళ్లు వెళ్లే దారి ఇదే.

నాలుగో దారి ఒకటి ఉందని చెవిలో చెప్పేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు. స్థానికుడి పేరు మీద కొని పక్కన ఒక ఒప్పందం రాయించుకోవడం, మన భాషలో బినామీ. దీని గురించి మెత్తగా చెప్పాల్సిన అవసరం లేదు: అదే 1960 చట్టం 26వ సెక్షన్ రెండో భాగం ప్రకారం అలాంటి లావాదేవీ చెల్లదు, నేల ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు అడగడానికి లేదు. పేరు పెట్టుకున్న మనిషి మంచివాడే కావచ్చు. ఆయన చనిపోయాక వారసులతో మాట్లాడాల్సి వస్తుంది కదా.

కౌలుతోనూ ఒక భ్రమ ఉంది. మన దగ్గర ఊరి చివర ప్లాటు కొని పదేళ్లు పట్టించుకోకుండా వదిలేసినా రేటు పెరిగి కూర్చుంటుంది, పిల్లల పెళ్లికి అక్కరకొస్తుంది. కౌలు స్థలాన్ని పదేళ్లు వదిలేస్తే ఆ పదేళ్లూ కరిగిపోతాయి. 25 ఏళ్ల కౌలు తీసుకుని అనుమతులకూ కట్టడానికీ రెండేళ్లు పోయాక చేతిలో ఉండేది 23 ఏళ్లు. పదిహేనో ఏట ఎవరికైనా అమ్ముదామంటే కొనేవాడు పదేళ్లకే కొంటాడు. గడువు తీరాక కట్టడం నేల ఓనరుదవుతుంది. "పొడిగింపు హామీ" అని ప్రకటనల్లో రాస్తారు, ఒప్పందంలో చూస్తే అప్పటి మార్కెట్ రేటుకు అని ఉంటుంది, ఆ రేటు ఎవరు చెప్తారో ఉండదు. ఒప్పందం ఇండొనేషియా భాషలో ఉండి తీరాలని 2009 చట్టం చెప్తోంది, ఇంగ్లీషు ప్రతి చూసి సంతకం పెట్టేయడం మన రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు చదవకుండా వేలిముద్ర వేసినట్టే.

ఇదంతా బాలిలో ఎక్కడైనా ఉండేదే. జతిలువిహ్‌లో దీని మీద ఇంకో మూడు పొరలున్నాయి.

ఒకటి, జోనింగ్. వరిపొలాల్ని కాపాడటానికి 2009లో ఒక చట్టం, ఆ తర్వాత రక్షిత వరిపొలాల పటాలు వచ్చాయి. గ్రీన్ జోన్‌లో ఉన్న మడిలో కట్టడానికి అనుమతి రాదు, ఎల్లో జోన్ అంటే ఇళ్లు కట్టుకోవచ్చు. జతిలువిహ్‌లో ఫొటోల్లో కనిపించేదంతా దాదాపు గ్రీనే. ఆ పైన యునెస్కో. మనం ఆంధ్రలోనో తెలంగాణలోనో స్థలం కొనేముందు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకుంటాం కదా, అక్కడ జోన్ సర్టిఫికెట్ చూడటం అంతకంటే ముఖ్యం. పక్కన ఇప్పటికే రెస్టారెంట్ ఉంది కాబట్టి మనమూ కట్టొచ్చు అనే లాజిక్ ఎంత గట్టిదో ఆ 13 టేపులు చెప్పాయి.

రెండు, ఆచార గ్రామం. బాలిలో ప్రతి చోటా ఊరు రెండు రకాలుగా ఉంటుంది. ప్రభుత్వ పంచాయతీ ఒకటి, దేశ అదాత్ అనే ఆచార గ్రామం ఇంకొకటి, రెండోదాని మాటకే బరువెక్కువ. ఇళ్ల స్థలాల్లో కొన్ని ఊరి ఉమ్మడివి, కుటుంబం తరతరాలుగా ఉంటుంది, దానికి బదులుగా గుడి పనులు చేస్తుంది, అమ్మే హక్కు ఉండదు. గుడి మాన్యాలు వేరే ఉంటాయి. సర్టిఫికెట్ శుభ్రంగా ఉన్న స్థలంలోనూ తల్లిదండ్రుల పేరు మీదే ఉండి అన్నదమ్ములు పంచుకోనిది ఉంటే, ఒక్క తమ్ముడు సంతకం పెట్టనంటే అంతే. ఈ విషయంలో గోదావరి జిల్లాకూ బాలికీ తేడా లేదు.

మూడు, కొండ మీది గుడి. బతుకారు గుడి బాలిలోని ఆరు మహా క్షేత్రాల్లో ఒకటని చెప్తారు. 1994లో అక్కడి హిందూ ధర్మ పరిషత్తు అలాంటి గుళ్ల చుట్టూ ఐదు కిలోమీటర్లు పవిత్ర పరిధి అని ఆదేశం ఇచ్చింది. ఆచరణలో దీన్ని ఎంత గట్టిగా పాటిస్తారన్నది చోటును బట్టి మారుతుంది, కానీ ఎవరికైనా ఒక ప్రాజెక్టు నచ్చకపోతే చేతికి దొరికే ఆయుధం ఇది.

కాబట్టి పెట్టుబడిగా చూస్తే ఈ ఊళ్లో చెప్పుకోదగ్గ లాభం లేదు, చిక్కులు మాత్రం చెప్పుకోదగ్గవే. దక్షిణ తీరంలోని చంగు వైపు నుంచి పొంగిన విల్లాల వ్యాపారం తబనాన్ తీరంలో తనహ్ లోట్, కెడుంగు దాకా వచ్చేసింది, డబ్బు చేసుకునేవాళ్లు అక్కడ చేసుకుంటున్నారు, అక్కడా గ్రీన్ జోన్ తలనొప్పులు ఉన్నాయి. జతిలువిహ్‌లో పనికొచ్చేది ఏదైనా ఉందంటే, ఊళ్లో ఇళ్ల మధ్య ఎల్లో జోన్‌లో ఉన్న ఒక కుటుంబంతో కలిసి నాలుగు గదుల హోమ్‌స్టే లాంటిది. దానిలో కోట్లు రావు. ఇండియాలో ఉండి పెట్టుబడి పెట్టేవాళ్లకు మన వైపు నిబంధనలూ ఉన్నాయి: రిజర్వ్ బ్యాంకు పథకం కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకానే పంపొచ్చు, టీసీఎస్, అంటే పంపేటప్పుడే పట్టుకునే పన్ను, పడుతుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలులో ఏటా చూపాలి. చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద జరిమానా పది లక్షలు. విల్లా మీద వచ్చే అద్దె కంటే అది ఎక్కువ ఉండొచ్చు.

భద్రత గురించి అడిగితే చాలామంది దొంగతనాల గురించి, బాంబుల గురించి అడుగుతారు. 2002 అక్టోబరు 12న కుటాలో జరిగిన పేలుళ్లలో 202 మంది చనిపోయారు, ఆ జ్ఞాపకం ఇంకా ఉంది. కానీ కొండ మీది ఈ ఊళ్లో రాత్రి ఒంటరిగా నడవడానికి భయపడాల్సింది మనుషుల గురించి కాదు. పండగలప్పుడు నలుపు తెలుపు గళ్ల గుడ్డ కట్టుకుని దారిలో నిలబడే పెచలాంగ్‌లు, ఊరి కాపలాదారులు, ఎవరు కొత్తగా వచ్చారో ఎవరింట్లో దిగారో చూస్తూనే ఉంటారు.

భయపడాల్సింది వానకు. 2024 మార్చిలో ఇదే జతిలువిహ్‌లో వాన కురిసిన రాత్రి గడిచాక కొండచరియ జారి ఒక చెక్క విల్లాను నేలమట్టం చేసింది, లోపల నిద్రపోతున్న ఇద్దరు విదేశీయులు చనిపోయారు. అది వింత ప్రమాదం కాదు. మెట్ల పొలం అంటేనే వాలులో నీళ్లు నిలబెట్టిన నేల, రైతు గట్టు తెగిందేమో అని పొద్దున్నే తిరిగి చూసుకుంటాడు కాబట్టే నిలబడుతుంది. ఆ వాలును తవ్వి చదును చేసి, బరువు పెట్టి, పైన కాలువను ఎవరూ చూడకుండా వదిలేస్తే నేల ఒకరోజు జారుతుంది. వ్యూ బాగుండే చోటు అంటే లోయ అంచు, జారేది కూడా అక్కడే. బస బుక్ చేసుకునేటప్పుడు గది ఫొటో కంటే గది వెనక ఏముందో చూసే ఫొటో ఎక్కువ ఉపయోగం. 2025 సెప్టెంబరులో బాలి వరదల్లో పదిహేను మందికి పైగా పోయారు, అది ఎక్కువగా డెన్‌పసార్ వైపు, కానీ వరిపొలాలు కాంక్రీటు అవ్వడం వల్లే నీరు ఇంకడం లేదన్న చర్చ ఆ తర్వాతే గట్టిగా మొదలైంది, డిసెంబరులో ఆ 13 కట్టడాలకు టేపు చుట్టడం వెనకున్న వేడి కూడా కొంత అదే.

రెండో ప్రమాదం స్కూటరు. అక్కడా ఎడమ పక్కనే నడుపుతారు, హైదరాబాద్ ట్రాఫిక్‌లో నడిపినవాళ్లం మనకేంటి అనిపిస్తుంది. ఘాట్ మలుపులో తడి నాచు మీద బండి జారితే అనుభవం పనికిరాదు. టూ వీలరుకు చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకపోతే పోలీసు జరిమానా చిన్న విషయం, ట్రావెల్ ఇన్సూరెన్స్ వాడు పైసా ఇవ్వడు అన్నది పెద్ద విషయం. ఊరి దగ్గర చిన్న ఆరోగ్య కేంద్రాలే, పెద్దాసుపత్రి అంటే తబనాన్ పట్టణానికో డెన్‌పసార్‌కో దిగాలి. 2008 నుంచి బాలిలో రేబిస్ ఉంది, కుక్క గీరినా సరే నిర్లక్ష్యం చేయకూడదు. గట్ల మీద పాములుంటాయి, ఆకుల్లో కలిసిపోయే పచ్చటి విషపు పాము కూడా, పొలంలో నడిచేటప్పుడు చేత్తో గడ్డి పట్టుకోవద్దని గైడులు చెప్పేది అందుకే. అగ్నిపర్వతాల సంగతికొస్తే బతుకారు మౌనంగా ఉంది, తూర్పున అగుంగ్ 2017లో లేచి విమానాశ్రయాన్ని మూయించింది. 2018లో పక్క ద్వీపం లొంబోక్‌లో 500 మందికి పైగా చనిపోయిన భూకంపం బాలిని కూడా ఊపింది. ఇక డ్రగ్స్ జోలికి మాత్రం వెళ్లకూడదు, అక్కడ మరణశిక్ష దాకా ఉంది, కాల్చి చంపుతారు.

టూరిజం గురించి చెప్పడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు, వెళ్లదగ్గ ఊరు. 2024లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఆస్ట్రేలియా తర్వాత బాలికి ఎక్కువమంది వెళ్తున్నది ఇండియా నుంచే, బెంగళూరు నుంచి నేరుగా విమానం ఉంది. వీసా ఆన్ అరైవల్ 5,00,000 రూపియా, 30 రోజులకు. దానికి తోడు 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ టూరిస్టులు కట్టాల్సిన బాలి రుసుము 1,50,000 రూపియా. సున్నాలు చూసి గుండె ఆగక్కర్లేదు, మన రూపాయికి సుమారు 190 రూపియా. ఊరి ముఖద్వారం దగ్గర టికెట్టు వేరే, అందులో జిల్లా ప్రభుత్వానికి కొంత, ఊరికి కొంత పోతుంది. పొలం గట్టు మీద రోజూ చెప్పుల చప్పుడు వినే రైతు చేతికి అందులో ఎంత చేరుతోందన్నదే రేకుల దాకా తెచ్చిన పాత పంచాయితీ.

చాలామంది ఉబుద్ నుంచి కారులో వచ్చి, మెయిన్ రోడ్డు మీద రెస్టారెంటులో కూర్చుని, ఫొటో దిగి, బెరతాన్ సరస్సు గుడికి వెళ్లిపోతారు. గంటన్నరలో అయిపోతుంది. పొద్దున ఏడింటికి వచ్చి గట్ల వెంట పొడుగు దారి పట్టుకుంటే తెంబుకులు కనిపిస్తాయి, మడి మూలన వెదురు బల్ల మీద కొబ్బరాకులో పూలు పెట్టి దేవి శ్రీకి పెట్టిన నైవేద్యం కనిపిస్తుంది. దేవి శ్రీ అంటే మన శ్రీదేవే, అక్కడ వరి తల్లి. ఇక్కడి ప్రత్యేకత ఎర్ర బియ్యం. ఆ దేశవాళీ రకం అయిదారు నెలలు పడుతుంది, ఎత్తుగా పెరుగుతుంది, అని-అని అనే అరచేతిలో పట్టే చిన్న కత్తితో ఒక్కో కంకే కోసి కట్టలు కట్టే పద్ధతి ఇంకా చూడొచ్చు. అదే బియ్యం వేయించి టీలా కాస్తారు, మరమరాల వాసన వస్తుంది, పంచదార వేయకుండానే బాగుంటుంది. శాకాహారులకు టెంపే అనే పులియబెట్టిన సోయా ముద్ద, టోఫు దొరుకుతాయి గానీ సంబల్ పచ్చడిలో తెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు, "తెరాసి లేకుండా" అని ముందే చెప్పుకోవాలి. న్యెపి మౌన దినం నాడు, ఎక్కువగా మార్చిలో, ద్వీపం మొత్తం 24 గంటలు మూతపడుతుంది, విమానాశ్రయంతో సహా. ఆరోజు టూరిస్టు కూడా గది దాటి బయటికి రాకూడదు.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా సుబక్ చేతిలోనే ఉంది. ఎర్ర వరి సుమారుగా జనవరి, ఫిబ్రవరిల్లో నాటి జూన్, జులైల్లో కోస్తారు, మధ్యలో మార్చి నుంచి మే దాకా ఫొటోల్లో చూసే ఆ పచ్చదనం. జూన్‌లో బంగారు రంగు. ఆ తర్వాత ఓ రెండు మూడు వారాలు అంతా బురద, మోళ్లు, వాటిలో రైతులు వదిలిన బాతులు, కొల్లేటి వైపు కోతలయ్యాక మందలు తోలినట్టే. అప్పుడొచ్చిన టూరిస్టులు టికెట్టు కొని లోపలికెళ్లి, ఇదేనా అని మొహం మాడ్చుకుని వెనక్కొస్తుంటారు. బాతులు మాత్రం గోల గోలగా గట్టు దాటి పక్క మడిలోకి దిగి, రాలిన గింజలతో పాటు మిగిలిన దోమనీ పురుగునీ ఏరుకు తింటూ ఉంటాయి.